గోడ మీంచి గిన్నె అందించినట్టు: ఫోన్ నుంచి సిస్టమ్‌కి, సిస్టమ్ నుంచి ఫోన్‌కి
(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక ఫోటో ఆల్బమ్ డిజైనర్ చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టుగా)

అందరికీ నమస్కారమండీ. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళకి, వెనకాల నిలబడ్డ కాలేజీ పిల్లలకి, అందరికీ. లైబ్రేరియన్ మేడమ్ గారు ఫోన్ చేసి వారోత్సవాల్లో ఒకరోజు మీరు మాట్లాడాలి అన్నప్పుడు ఏం మాట్లాడాలండీ అని అడిగా. ఆవిడేమన్నారంటే, "రోజూ పిల్లలొచ్చి మేడమ్ ఫోన్లో ఉన్న నోట్స్ మీ సిస్టమ్‌లోకి ఎలా పంపాలి, కేబుల్ ఉందా అని అడుగుతుంటారు, కేబుల్ లేకుండా ఎలాగో చెప్పండి చాలు" అన్నారు. నాకు చాలా సంతోషం వేసింది, ఎందుకంటే నేను పదిహేనేళ్ళ నుంచి స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నా, నా పని సగం డిజైనింగ్ అయితే సగం ఫైళ్ళు మొయ్యడమే.

ఒక మాట అడుగుతా. ఇంట్లో గోంగూర పచ్చడి చేశారు, పక్కింటి పిన్నిగారికి కొంచెం ఇవ్వాలి. ఏం చేస్తాం? పిట్టగోడ దగ్గరకెళ్ళి పిన్నిగారూ అని పిలిచి గిన్నె అందిస్తాం. అంతేగానీ ఆ గిన్నెని హైదరాబాద్ బస్సెక్కించి, అక్కణ్ణించి ఇంకో బస్సులో పక్కింటికి తెప్పించం కదా. కానీ ఫోన్లో ఉన్న ఫోటో, అదే టేబుల్ మీద అడుగు దూరంలో ఉన్న లాప్‌టాప్‌లోకి వెళ్ళాలంటే మనందరం చేసేది అచ్చంగా ఆ బస్సు పనే. మన నంబర్‌కి మనమే మెసేజ్ పెట్టుకుంటాం, మనకి మనమే మెయిల్ కొట్టుకుంటాం, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి మళ్ళీ దించుకుంటాం. ఫైలు ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పోయి తిరిగొస్తుంది.

లెక్క చూడండి. ఇదిగో ఈ ఫోన్లో ఒక వీడియో ఉంది, 640 ఎంబీ. ఇది ఫోన్ డేటా మీద డ్రైవ్‌లోకి ఎక్కిస్తే 640, అదే ఫోన్ హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్‌లోకి దించితే ఇంకో 640, మొత్తం 1280 ఎంబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకున్న పిల్లాడికి ఆ రోజు డేటా దాదాపు అయిపోయినట్టే. టైమ్ కూడా, నెట్ అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ వస్తోందనుకుందాం, ఎక్కడానికే పదిహేడు నిమిషాలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే ఈ ఎంబీపీఎస్ దగ్గర చాలామంది తికమక పడతారు, మా స్టూడియోకి వచ్చే బీటెక్ పిల్లలు కూడా. ఫైలు సైజు ఎంబీ అంటే మెగా బైట్లు. స్పీడ్ ఎంబీపీఎస్ అంటే సెకనుకి మెగా బిట్లు. బైట్‌కి ఎనిమిది బిట్లు. కాబట్టి 40 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకి 40 ఎంబీ వస్తుందని కాదు, 5 ఎంబీ వస్తుంది. ఎనిమిదితో భాగించండి, అంతే. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే నెట్ ప్యాక్ కొనేటప్పుడు కూడా పనికొస్తుంది.

డేటా పోతే పోయింది, ఫోటో కూడా పాడవుతుంది, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆరేడేళ్ళ క్రితం ఒక పెళ్ళి ఆల్బమ్ చేశా. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురు వాళ్ళ నాయనమ్మ మెడ పట్టుకుని ఏడుస్తున్న ఫోటో ఒకటి, మా కెమెరాల్లో పడలేదు, పెళ్ళికూతురి తమ్ముడు ఫోన్లో తీశాడు. ఎంత బాగుందో చెప్పలేను, ముసలావిడ చెయ్యి ఆ పిల్ల జడ మీద ఉంది, గాజులు నలిగిపోతున్నాయి. దీన్ని ఒక షీట్ అంతా పెట్టండి అన్నారు. షీట్ అంటే 12 బై 36 అంగుళాలు. తమ్ముడు చాట్ యాప్‌లో పంపాడు, నేను దించి పెట్టేశా, ప్రింట్ వచ్చాక చూస్తే ముఖాలన్నీ మసక మసగ్గా, పిండి చల్లినట్టు. ఫోన్లో తీసినప్పుడు ఆ ఫోటో పొడవు 4000 పిక్సెళ్ళు, అంటే బొమ్మలోని చుక్కలు, చాట్ యాప్ కుదించేయడంతో నా దగ్గరకొచ్చేసరికి 1600. ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి, అంటే 4000 అయితే పదమూడు అంగుళాల దాకా బొమ్మ నిలబడుతుంది, 1600 అయితే అయిదు అంగుళాలే. అసలు ఫైలు కావాలని ఫోన్ చేస్తే ఆ అబ్బాయి ఫోన్ మార్చేశాడు, పాతది అమ్మేశాడు. ఇంకెక్కడా లేదు. నాయనమ్మ గారు ఆ మరుసటి ఏడే పోయారు. పంపేటప్పుడే నేను అడగాల్సింది, అడగలేదు, తప్పు నాదే. ఆ రోజు నుంచి స్టూడియోకి ఎవరు ఫోటోలు తెచ్చినా, అమ్మా కూర్చోండి, ఇక్కడే తీసుకుంటాను అని నా సిస్టమ్‌లోకి నేరుగా తీసుకుంటున్నా.

నేరుగా అంటే ఎలా? పెద్దవాళ్ళకి గుర్తుంటుంది, మొదట్లో ఇన్‌ఫ్రారెడ్ ఉండేది, రెండు ఫోన్లు ఎదురెదురుగా పెట్టి కదలకుండా కూర్చోవాలి, మధ్యలో చెయ్యి అడ్డొస్తే ఆగిపోయేది. తర్వాత బ్లూటూత్. మన ఊళ్ళో సెల్ షాపుల్లో డబ్బులిచ్చి చిప్పులో పాటలు ఎక్కించుకుని, అవి మళ్ళీ ఫ్రెండ్స్‌కి బ్లూటూత్‌లో పంపేవాళ్ళం. ఒక పాట అంటే అయిదు ఎంబీ కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ చాలామంది అదే వాడుతున్నారు, కానీ ఫైళ్ళు పంపే బ్లూటూత్ స్పీడ్ కాగితం మీదే 3 ఎంబీపీఎస్, చేతికొచ్చేది రెండు చిల్లర. ఇందాక చెప్పిన 640 ఎంబీ వీడియో దాంట్లో పంపితే ముప్పావుగంట దగ్గర దగ్గర. ఒక పీడీఎఫ్‌కి, ఒక ఫోటోకి అయితే బ్లూటూత్ మంచిదే, నేను కాదనను. కాకపోతే విండోస్‌లో ఒక మెలిక ఉంది. ఫోన్ నుంచి పంపేముందు సిస్టమ్‌లో బ్లూటూత్ గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి రిసీవ్ ఏ ఫైల్ అని నొక్కి ఉంచాలి, లేకపోతే ఫోన్ ఎంతసేపు తట్టినా అవతల తలుపు తియ్యరు. సగం మంది బ్లూటూత్ పనిచెయ్యట్లేదు అనేది ఇక్కడే.

ఆ తర్వాత షేర్‌ఇట్, జెండర్ అని ఫైళ్ళు పంపే యాప్‌లు వచ్చాయి. పల్లెల్లో వాటిని వాడనివాళ్ళు లేరు, సినిమాకి సినిమా పంపేసుకునేవాళ్ళు. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లు నిషేధించినప్పుడు ఆ రెండూ వెళ్ళిపోయాయి. అప్పట్నుంచి చాలామంది, ఇంకేం చేస్తాం అని మళ్ళీ ఆ బస్సు దారి పట్టారు. కానీ ఆ యాప్‌లు ఇంటర్నెట్ మీద పంపలేదండీ, వైఫై మీద నేరుగా పంపాయి. యాప్ పోయింది గానీ వైఫై ఎక్కడికీ పోలేదు, మీ జేబులోనే ఉంది.

వైఫై అంటే ఇంటర్నెట్ అని మనందరికీ ఒక అభిప్రాయం పడిపోయింది. కాదు. వైఫై అంటే ఇంట్లో వస్తువుల మధ్య దారి. ఇంటర్నెట్ అంటే ఇంటి గుమ్మం బయట రోడ్డు. రోడ్డు తవ్వేసినా వంటింట్లోంచి హాల్లోకి నడవచ్చు కదా, అలాగే నెట్ బిల్లు కట్టకపోయినా, కేబుల్ తెగిపోయినా, రౌటర్‌కి, అంటే ఇంట్లో వైఫై ఇచ్చే డబ్బాకి, కరెంట్ ఉంటే చాలు, ఫోన్ నుంచి లాప్‌టాప్‌కి ఫైలు వెళుతుంది. రౌటర్ ప్రతి వస్తువుకీ ఒక ఇంటి నంబర్ ఇస్తుంది, 192.168.1.5, 192.168.1.7 అలా. ఈ 192.168 తో మొదలయ్యేవి లోపలి నంబర్లు, బయట ప్రపంచంలో చెల్లవు. మీ ఇంట్లోనూ 192.168.1.5 ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంటుంది, గొడవ లేదు, ప్రతి వీధిలోనూ మూడో ఇల్లు ఉన్నట్టు.

(వెనక నుంచి ఒక విద్యార్థి: సార్, ఇంట్లో రౌటర్ లేకపోతే?)

మంచి ప్రశ్న తమ్ముడూ, నేను అసలు చెప్పాలనుకుంటున్నది అదే. ఆండ్రాయిడ్ ఫోన్లో హాట్‌స్పాట్ ఉంది కదా. మొబైల్ డేటా ఆఫ్ చెయ్యి, హాట్‌స్పాట్ మాత్రం ఆన్ చెయ్యి. లాప్‌టాప్‌ని దానికి కనెక్ట్ చెయ్యి. లాప్‌టాప్ నో ఇంటర్నెట్ అని చూపిస్తుంది, కంగారు పడకు, మనకి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇప్పుడు నీ ఫోనే రౌటర్. ఒక్క రూపాయి డేటా ఖర్చవ్వదు. పొలంలో కూర్చున్నా, రైల్లో కూర్చున్నా, సిగ్నల్ ఒక్క గీత లేకపోయినా పనిచేస్తుంది. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఉంటాయి, లాప్‌టాప్ మరీ పాతది కాకపోతే 5 పెట్టుకో. 5 బ్యాండ్ గోడలు దాటడంలో బలహీనం, గదిలో మాత్రం చాలా వేగం. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు గోడల సంగతి మనకెందుకు.

ఇక దారి పడింది, గిన్నె అందించాలి. ఆండ్రాయిడ్ ఫోన్, విండోస్ సిస్టమ్ ఉన్నవాళ్ళకి తేలికైనది క్విక్ షేర్. గూగుల్ 2020లో నియర్‌బై షేర్ అని తెచ్చింది, శాంసంగ్‌కి అంతకుముందే క్విక్ షేర్ ఉంది, 2024లో రెండూ కలిసి క్విక్ షేర్ అయిపోయాయి. ఫోన్లో ముందే ఉంటుంది, సిస్టమ్‌లో వేసుకోవాలి, విండోస్ 10 ఆ పైది 64 బిట్ అయ్యుండాలి. రెండిట్లో బ్లూటూత్, వైఫై రెండూ ఆన్‌లో ఉండాలి. బ్లూటూత్ ఎందుకంటే పక్కన ఎవరున్నారో అది వెతుకుతుంది, దొరికాక బరువు వైఫై మోస్తుంది.

నేను మాత్రం స్టూడియోలో లోకల్‌సెండ్ అనే యాప్ వాడతా. ఎందుకంటే మా దగ్గరకి ఒకళ్ళు ఐఫోన్ తెస్తారు, ఒకళ్ళు ఆండ్రాయిడ్, ఒకళ్ళు మ్యాక్, నాది విండోస్. ఐఫోన్ వాళ్ళకి ఎయిర్‌డ్రాప్ ఉంది, అద్భుతంగా పనిచేస్తుంది, 2011లో మ్యాక్‌లో వచ్చింది, 2013 నుంచి ఐఫోన్లలో ఉంది, కానీ విండోస్ సిస్టమ్‌కి అది పంపదు. లోకల్‌సెండ్ అన్నిట్లోనూ ఉంటుంది, ఉచితం, యాడ్‌లు లేవు, అకౌంట్ అక్కర్లేదు, దాని కోడ్ అందరూ చూడొచ్చు. ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, లాప్‌టాప్‌లో ఓపెన్ చేశా, ఫోన్లో ఓపెన్ చేశా, రెండూ ఒకే హాట్‌స్పాట్ మీద ఉన్నాయి. ఇదిగో ఫోన్ పేరు వచ్చింది, ఏదో ఆరెంజ్ అని. ఈ యాప్ ప్రతి వస్తువుకీ ఒక విశేషణం, ఒక పండు పేరు కలిపి పెడుతుంది, కావాలంటే మార్చుకోవచ్చు. వీడియో సెలెక్ట్ చేశా, పంపు అన్నా, లాప్‌టాప్ తీసుకోనా అని అడుగుతోంది, సరే అన్నా. నీలం గీత వెళుతోంది చూడండి... అయిపోయింది. అరనిమిషం కూడా పట్టలేదు. ముప్పావుగంట పట్టాల్సిన 640 ఎంబీ ఇదే. క్వాలిటీ ఒక్క పిక్సెల్ కూడా తగ్గదు, తేదీ, టైమ్ వివరాలతో సహా ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

(ముందు వరసలో ఒక పెద్దాయన: మా ఇంట్లో ఇలాగే చేశాం, కనపడలేదండీ.)

మాస్టారూ, దానికి మూడు కారణాలుంటాయి, వరసగా చూడండి. ఒకటి, రెండూ ఒకే వైఫై మీద ఉన్నాయా. లాప్‌టాప్ రౌటర్ మీద ఉండి ఫోన్ మొబైల్ డేటా మీద ఉంటే ఎప్పటికీ కలవవు. రెండోది, తొంభై శాతం ఇక్కడే, విండోస్‌లో వైఫైకి కనెక్ట్ అయినప్పుడు అది పబ్లిక్ నెట్‌వర్క్ అని పెట్టుకుని ఉంటుంది. అంటే బస్టాండులో ఉన్నాననుకుని తలుపులన్నీ వేసుకుని కూర్చుంటుంది. ఇంట్లో వైఫైకి సెట్టింగుల్లోకెళ్ళి దాన్ని ప్రైవేట్‌కి మార్చండి, ఫైర్‌వాల్, అంటే సిస్టమ్ గుమ్మం దగ్గర కాపలా, అడిగితే ఎలౌ ఇవ్వండి. మూడోది కాలేజీ వైఫై, లాడ్జి వైఫైల్లో ఒకళ్ళ ఫోన్ ఇంకొకళ్ళకి కనపడకుండా మధ్యలో అడ్డు కట్టి ఉంచుతారు, అది మన మంచికే, అక్కడ పోట్లాడకుండా మన హాట్‌స్పాట్ వేసుకోవడమే. ఆఁ, ఇంకోటి, వీపీఎన్, అంటే మన నెట్‌ని వేరే దారిలో తిప్పే యాప్, ఆన్‌లో ఉంటే ఆపండి.

ఐఫోన్ వాళ్ళకి ఒక్క మాట. ఫోటో వచ్చింది గానీ సిస్టమ్‌లో తెరుచుకోవట్లేదు అంటే అది హెచ్ఈఐసీ ఫైలు, ఐఫోన్ ఫోటోలు దాచే ఒక పద్ధతి. కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ అని పెడితే ఇకనుంచి తీసేవి జేపీజీలో వస్తాయి.

ఇప్పుడు జిరాక్స్ షాపుల సంగతి. అక్కడికెళితే ఏమంటారు, ఈ నంబర్‌కి పంపండి అంటారు. మనం ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, పదో తరగతి మార్కుల మెమో అన్నీ పంపేసి ప్రింట్ తీసుకుని వచ్చేస్తాం. మన కాగితాలు ఆ ఫోన్లో, ఆ సిస్టమ్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండిపోతాయి. షాపువాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనట్లేదు, నాకు తెలిసినవాళ్ళు అందరూ కష్టపడి బతికేవాళ్ళే, కానీ ఆ సిస్టమ్ ముందు రోజుకి వందమంది కూర్చుంటారు. అందుకని నేరుగా పంపండి, ప్రింట్ అయ్యాక అన్నా ఒకసారి డిలీట్ చేస్తావా, రీసైకిల్ బిన్‌లో కూడా, అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, అది మన కాగితం. ఇంకా, ఆధార్‌లో మాస్క్‌డ్ ఆధార్ అని ఉంది, చివరి నాలుగు అంకెలే కనపడతాయి, అది ఒప్పుకునే చోట అదే వాడండి. క్విక్ షేర్‌లో ఎవ్రీవన్ అని పెట్టి మర్చిపోవద్దు, రైల్వే స్టేషన్లో ఎవరో తెలియనివాడు ఏదో పంపుతాడు, పని ఉన్నప్పుడు పెట్టుకుని తర్వాత మార్చేయండి. అమ్మాయిలకి ఇది మరీ మరీ చెబుతున్నా.

ఇంకొక్క విషయం చెప్పి కూర్చుంటా. రెండేళ్ళ క్రితం మా స్టూడియోకి ఒక పెద్దావిడ వచ్చారు, చేతి రుమాల్లో చుట్టిన ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టారు. వాళ్ళాయన పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారట, పోయి నాలుగు నెలలైంది, పోయేముందు ఫోన్లో రికార్డ్ చేసుకున్న పద్యాలు ఉన్నాయి, అవి తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టు నాయనా అన్నారు. ఛార్జింగ్ పిన్ వదులైపోయింది, ఒక పక్కకి నొక్కి పట్టుకుంటే కాసేపు ఎక్కుతుంది, కేబుల్ పెడితే సిస్టమ్ గుర్తుపట్టట్లేదు. సెల్ షాపులో ఫోన్ విప్పాలమ్మా, డేటాకి గ్యారంటీ లేదు అన్నారట. బ్యాటరీ 18 శాతం ఉంది. పాత ఫోన్, కొత్త యాప్‌లు ఎక్కవు. కానీ ఆ ఫోన్ ఫైల్ మేనేజర్‌లో ఎఫ్‌టీపీ అని ఒక ఆప్షన్ ఉంది.

ఈ ఎఫ్‌టీపీ ఎంత పాతదో పిల్లలకి చెప్పాలి. రెండు కంప్యూటర్లు ఒకదానికొకటి ఫైలు ఎలా ఇచ్చిపుచ్చుకోవాలి అన్న పద్ధతిని మొదట రాసింది అభయ్ భూషణ్ గారు, మన దేశం మనిషి, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి అమెరికాలో ఎంఐటీకి వెళ్ళారు, 1971 ఏప్రిల్‌లో ఆ కాగితం బయటపెట్టారు. వైఫై పుట్టకముందు, ఇంట్లో కంప్యూటర్ అన్న మాటే లేనప్పుడు. ఆయన వేసిన దారి యాభై ఏళ్ళ తర్వాత మా స్టూడియోలో ఆ పెద్దావిడ ఫోన్లో ఉంది.

నా ఫోన్ హాట్‌స్పాట్‌కి ఆ పాత ఫోన్‌ని, నా సిస్టమ్‌ని కలిపా. ఎఫ్‌టీపీ ఆన్ చేస్తే ఒక అడ్రస్ చూపించింది, చివర్లో 2121 అని. దాన్ని క్రోమ్‌లో కొడితే రాదు, క్రోమ్ 2021లోనే ఎఫ్‌టీపీ తీసేసింది. విండోస్‌లో ఫోల్డర్ తెరిచి పైన అడ్రస్ ఉండే చోట కొట్టాలి. కొట్టా. ఫోల్డర్లు వరసగా వచ్చాయి. రికార్డింగ్స్ ఫోల్డర్‌లో 63 ఫైళ్ళు. కాపీ పెట్టా, బ్యాటరీ 16, 15, 14... పాత ఫోన్ కదా వైఫై నెమ్మది, పదకొండు నిమిషాలు పట్టింది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఆ గీత వంకే చూస్తున్నారు, మంచినీళ్ళు ఇస్తే కూడా తాగలేదు. అయ్యాక ఒకటి వినిపించమంటారా అమ్మా అన్నా. తల ఊపారు. స్పీకర్ పెట్టా. ఆయన గొంతు సవరించుకుని, "ఏమేవ్, ఆ ఫ్యాన్ ఆపు, చప్పుడొస్తోంది" అన్నారు, తర్వాత పద్యం ఎత్తుకున్నారు. ఆవిడ పద్యం కంటే ఆ ముందు మాట దగ్గర ఏడ్చేశారు. మళ్ళీ పెట్టు నాయనా అని ఆ ముక్కే మూడుసార్లు పెట్టించుకున్నారు.

ఎఫ్‌టీపీలో ఒక లోపం ఉందని కూడా చెప్పాలి, దాంట్లో వెళ్ళేది తాళం వెయ్యకుండా వెళుతుంది, పాస్‌వర్డ్‌తో సహా, అందుకని నలుగురూ వాడే వైఫైలో వద్దు, మన సొంత హాట్‌స్పాట్ మీదే, పని అవ్వగానే ఆపెయ్యాలి. లోకల్‌సెండ్, క్విక్ షేర్ తాళం వేసే పంపుతాయి.

సరే, మాటలు చాలు. అందరూ ఫోన్లు తియ్యండి. బోర్డు మీద హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ రాశా. ఒకేసారి అందరూ కలపొద్దు, ఫోన్ హాట్‌స్పాట్‌కి ఎనిమిది పదిమంది మించి ఎక్కరు, వరసకి కొంతమంది చొప్పున రండి. యాప్ లేనివాళ్ళకి కూడా ఇబ్బంది లేదు, లోకల్‌సెండ్‌లోనే లింక్ ద్వారా షేర్ చెయ్యి అని ఉంది, అది నొక్కితే లాప్‌టాప్ ఒక అడ్రస్ ఇస్తుంది, అది కూడా బోర్డు మీద రాస్తున్నా, మీ బ్రౌజర్‌లో కొట్టండి. ఈ లైబ్రరీ పాత ఫోటోలు, నేను మొన్న స్కాన్ చేసినవి, నలభై దాకా ఉన్నాయి. మేడమ్ గారి అనుమతితో మీ అందరికీ ఇస్తున్నా, అసలు సైజులో. మాస్టారూ, మీరు ముందు రండి, మీ ఫోన్ ఇలా ఇవ్వండి. డేటా ఆఫ్ చేశారా?